పోలీసు బోర్డును ఏం అడగవచ్చు, ఎప్పుడు అడగాలి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో కెనడాలోని ఒంటారియో ప్రావిన్సులో ఊరి పోలీసు శాఖను పర్యవేక్షించే స్థానిక పోలీసు బోర్డుల పౌర సభ్యత్వం గురించి ఒక చిన్న వివరణ వేశాము. దానిమీద టొరంటో, బ్రాంప్టన్, ఆటవా పరిసరాలలోని తెలుగువారి నుంచే కాక వరంగల్ నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. చివరిదాన్ని మినహాయిస్తే మిగతా జవాబులన్నిటికీ ఆధారం 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఒంటారియో కమ్యూనిటీ సేఫ్టీ అండ్ పోలీసింగ్ చట్టం. అంతకు ముందు 1990 నాటి పోలీస్ సర్వీసెస్ చట్టం ఉండేది. పాత చట్టం చదివి ఉత్తరం రాసినవారు ఈ తేడాను గమనించాలని కోరుతున్నాము.

ప్రశ్న: ఈ చలికాలంలో మా వీధిలో మూడు కార్లు పోయాయి. రాత్రి రెండు నుంచి అయిదు వరకు మా వీధికి ఒక గస్తీ బండిని పంపేటట్లు చీఫ్‌ను (పోలీసు శాఖ అధిపతిని) ఆదేశించమని ఇరవై రెండు ఇళ్ళవాళ్ళం సంతకాలు చేసి పోలీసు బోర్డుకు అర్జీ పెట్టుకున్నాము. "ఇది మా పరిధిలోని విషయం కాదు, మీ అర్జీని చీఫ్‌కు పంపించాము" అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. చీఫ్‌ను నియమించేదే ఈ బోర్డు అయినప్పుడు, ఇంత చిన్న ఆదేశం ఇవ్వలేని బోర్డు దేనికండీ? – టొరంటో శివారు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ బాధ న్యాయమైనది. బోర్డు ఇచ్చిన జవాబు కూడా చట్టప్రకారం తప్పు కాదు, కానీ అది అసంపూర్ణమైన జవాబు. పరిధిలోకి రానిదేమిటో చెప్పారు, వచ్చేదేమిటో చెప్పలేదు. ఆ రెండో భాగమే మీకు పనికివచ్చేది కనుక దాన్ని వివరంగా రాస్తున్నాను.

మన ఊళ్ళో గుడి కమిటీని గుర్తు చేసుకోండి. ఏ ఉత్సవం జరపాలి, దానికి ఎంత ఖర్చు పెట్టాలి, అర్చకుడిగా ఎవరిని పెట్టుకోవాలి అన్నవి కమిటీ నిర్ణయిస్తుంది. గర్భగుడిలోకి వెళ్ళి, ఏ మంత్రం తరువాత ఏ మంత్రం చదవాలో మాత్రం చెప్పదు. పోలీసు బోర్డుకు, చీఫ్‌కు మధ్య చట్టం గీసిన గీత ఇలాంటిదే. చీఫ్‌ను నియమించడం, జీతం నిర్ణయించడం, ఏటా పనితీరును సమీక్షించడం, విధానాలు రూపొందించడం, పోలీసు శాఖ లక్ష్యాలనూ ప్రాధాన్యాలనూ నిర్ణయించడం బోర్డు పని. ఫలానా దర్యాప్తు గురించి గానీ, ఫలానా ఆపరేషన్ ఎలా నడపాలన్న దాని గురించి గానీ, ఫలానా అధికారి మీద చర్య గురించి గానీ, శాఖ రోజువారీ నిర్వహణ గురించి గానీ చీఫ్‌ను ఆదేశించడానికి బోర్డుకు అధికారం లేదు. చీఫ్‌కు తప్ప మరే పోలీసు ఉద్యోగికీ బోర్డు నేరుగా ఆదేశం ఇవ్వకూడదు. బోర్డు సభ్యుడు ఒక్కడుగా చీఫ్‌కు ఫోన్ చేసి ఇలా చేయండి, అలా చేయండి అని చెప్పడానికి కూడా వీలు లేదు. బోర్డు మాట్లాడితే బోర్డుగా మాట్లాడాలి.

ఈ గీత ఎందుకు అవసరమో మనలాంటి దేశం నుంచి వచ్చినవారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. కౌన్సిల్ సభ్యుడు తన వార్డుకు గస్తీ బండి తెప్పించుకోగలిగిన చోట, తనకు గిట్టనివాడి ఇంటికి కూడా అదే బండిని పంపించగలడు. మీ వీధికి ఇప్పుడు అడ్డుపడినట్లు కనిపిస్తున్న నియమమే ఆ ప్రమాదం నుంచి మిమ్మల్ని కాపాడుతున్నది.

అయితే ఈ గీతను గోడగా మార్చుకుంటే ఏమవుతుందో టొరంటో నగరం 2010లో చూసింది. ఆ ఏడాది జూన్ 26, 27 తేదీలలో జరిగిన జి-20 శిఖరాగ్ర సమావేశం సందర్భంగా పోలీసులు 1,100 మందికి పైగా మనుషులను నిర్బంధించారు. క్వీన్ స్ట్రీట్, స్పడైనా అవెన్యూ కలిసే కూడలిలో నిరసనకారులనూ, దారిన పోతున్నవారినీ కలిపి చుట్టుముట్టి, కుండపోత వానలో గంటల తరబడి కదలనివ్వలేదు. విశ్రాంత న్యాయమూర్తి జాన్ మోర్డెన్ ఈ వ్యవహారంలో బోర్డు పాత్రను పరిశీలించి 2012 జూన్‌లో నివేదిక ఇచ్చారు. ఆపరేషన్ల విషయం మాది కాదు అనుకుని బోర్డు అడగవలసిన ప్రశ్నలు కూడా అడగకుండా ఉండిపోయిందని ఆయన తేల్చారు. ఆదేశించకూడదు అంటే అడగకూడదని అర్థం కాదు. ఒక పెద్ద ఆపరేషన్ ఉద్దేశమేమిటి, దానికి ఉన్న విధానాలు సరిపోతాయా, ఎంత ఖర్చవుతుంది అని అడగడం బోర్డు హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. టొరంటోలో మనుషులు కనిపించకుండా పోయిన కేసుల దర్యాప్తుల మీద విశ్రాంత న్యాయమూర్తి గ్లోరియా ఎప్‌స్టైన్ 2021లో ఇచ్చిన నివేదికలోనూ ఇదే లోపం మళ్ళీ బయటపడింది. బోర్డుకు తెలియవలసినవి తెలియలేదు, బోర్డు తెలుసుకోవడానికి తగినంతగా ప్రయత్నించలేదు. తొమ్మిదేళ్ళ తేడాతో ఇద్దరు న్యాయమూర్తులు ఒకే మాట చెప్పవలసి రావడం నన్ను కలవరపెడుతుంది.

ఇక మీ అర్జీ సంగతి. "మా వీధికి బండి పంపించండి" అన్నచోట ఈ మూడు ప్రశ్నలు రాయండి. ఒకటి, కార్ల దొంగతనాల నివారణ బోర్డు ఆమోదించిన ప్రస్తుత వ్యూహ ప్రణాళికలో (దాని సంగతి తరువాతి జవాబులో) ప్రాధాన్యంగా ఉందా, ఉంటే దానికి పెట్టుకున్న కొలమానం ఏమిటి? రెండు, రాత్రి గస్తీని ఏ ప్రాతిపదికన కేటాయించాలో చెప్పే విధానం ఉందా, దాన్ని చివరిసారి ఎప్పుడు సమీక్షించారు? మూడు, ఈ రెండింటి మీద చీఫ్ నుంచి బహిరంగ నివేదిక కోరుతూ బోర్డు తీర్మానం చేస్తుందా? ఇవి పరిధిలో లేవని ఏ బోర్డూ రెండు వాక్యాలలో తోసిపుచ్చలేదు. గస్తీ బండి అవసరం కోసం మాత్రం నేరుగా మీ డివిజన్ కార్యాలయానికి రాయండి. ఆ నిర్ణయం జరిగేది అక్కడే.

ప్రశ్న: ప్రాధాన్యాలు నిర్ణయిస్తారంటున్నారు. ఎవరు, ఎలా నిర్ణయిస్తారు? మా దగ్గర వెలువడిన ప్రణాళిక పుస్తకం చూశాను. నిండా ఫొటోలు, "విశ్వాసం", "భాగస్వామ్యం" వంటి పెద్ద మాటలు. అందులో అసలు విషయం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. – బ్రాంప్టన్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మిగతా ప్రశ్నలన్నీ చివరికి వచ్చి చేరేది ఇక్కడికే కనుక దీనికి ఎక్కువ స్థలం ఇస్తున్నాను.

ప్రతి బోర్డూ వ్యూహ ప్రణాళికను ఆమోదించాలి, కనీసం నాలుగేళ్ళకు ఒకసారి దాన్ని సమీక్షించాలి. దానిలో ఏముండాలో చట్టమే చెబుతుంది: పోలీసు శాఖ లక్ష్యాలు, ప్రాధాన్యాలు, ప్రధాన విధులు, వాటిని సాధించామో లేదో తేల్చే కొలమానాలు. ఆ కొలమానాలు అంకెలలో ఉండేవీ, అంకెలకు అందనివీ రెండు రకాలూ ఉండాలి. నేర నివారణ, గస్తీ, దర్యాప్తు, అత్యవసర పిలుపులకు స్పందన, హింసాత్మక నేరాలు, ఆస్తి నేరాలు, బాధితులకు సహాయం, రోడ్డు భద్రత, యువకులతోనూ, వర్ణవివక్షకు గురవుతున్న వర్గాలతోనూ, మానసిక అస్వస్థత ఉన్నవారితోనూ పోలీసుల వ్యవహార శైలి, ప్రజల సంతృప్తి వంటి అంశాలన్నీ దానిలోకి రావాలి. తయారు చేసేటప్పుడు చీఫ్‌తో పాటు మునిసిపల్ కౌన్సిల్, స్కూల్ బోర్డులు, వ్యాపారులు, వివిధ సముదాయాల ప్రతినిధులు, సాధారణ ప్రజల అభిప్రాయం కూడా తీసుకోవాలి.

ఈ సంప్రదింపులు ఎలా ఉంటాయో నేను ఒకసారి దగ్గరుండి చూశాను. ఊరు పేరు అవసరం లేదు. గ్రంథాలయం వెనుక ఉన్న హాలులో, మంగళవారం సాయంత్రం ఆరున్నరకు. గోడలకు అయిదు పెద్ద చార్టులు అంటించి, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క అంశం రాసి పెట్టారు. వచ్చినవారికి తలా నాలుగు రంగు స్టిక్కర్లు ఇచ్చి, తమకు ముఖ్యమైన అంశాల మీద అంటించమన్నారు. ఆ ఊళ్ళో లక్షకు పైగా జనం ఉంటారు. ఆ హాలులో మమ్మల్ని నిర్వాహకులతో కలిపి లెక్కపెడితే పద్ధెనిమిది మందిమి. తెలుగువాళ్ళలో నేనొక్కడినే. వచ్చినవారిలో ఎక్కువమంది పెద్ద వయసువారు, వారి స్టిక్కర్లలో సగానికి పైగా వేగంగా బండ్లు నడపడం గురించిన చార్టు మీదికి వెళ్ళాయి. మానసిక అస్వస్థత ఉన్నవారి ఇళ్ళకు పోలీసులు వెళ్ళే తీరు గురించిన చార్టు మీద మూడే పడ్డాయి. ఆ మూడింటిలో ఒకదాన్ని అంటించిన తల్లి, తన కొడుకు కోసం ఒకసారి పోలీసులను పిలిచానని, మళ్ళీ పిలవాలంటే భయమేస్తున్నదని నాతో చెప్పింది. ఒక స్టిక్కర్ మరో స్టిక్కర్‌తో సమానమే కావచ్చు, కానీ ఆమె చెప్పిన మాట ఆ చార్టు మీద ఎక్కడా కనిపించలేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. స్టిక్కర్ అంటించి ఊరుకోకండి, అర పేజీ రాసి ఇవ్వండి. రాసి ఇచ్చినది రికార్డులో ఉంటుంది.

మీ ఊరి ప్రణాళికను ఎలా చదవాలో కూడా చెప్పమంటే, ముందు పేజీలు వదిలేసి కొలమానాల పట్టిక దగ్గరికి వెళ్ళండి. "విశ్వాసాన్ని పెంపొందిస్తాము" అన్న లక్ష్యం ఎదురుగా "సముదాయ కార్యక్రమాల సంఖ్య" అని కొలమానం ఉంటే, నాలుగేళ్ళ తరువాత లెక్కపెట్టబోయేది విశ్వాసాన్ని కాదు, పోలీసులు హాజరైన పండుగలను. ఆ లక్ష్యం ఎదురుగా, ఆపదలో పోలీసులను మళ్ళీ పిలుస్తారా అని ఏటా ఒకే పద్ధతిలో ప్రజలను అడిగిన సర్వే ఫలితం, వర్గాల వారీగా ఉంటే, అది పనికివచ్చే కొలమానం. కేసుల ఛేదన శాతం విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ శాతం పెరగడానికి రెండు దారులు ఉన్నాయి. ఎక్కువ కేసులు ఛేదించడం ఒకటి, కష్టమైన ఫిర్యాదులను లెక్కలోకి రానివ్వకపోవడం రెండోది. కనుక ఛేదన శాతం ఎదుట నమోదైన ఫిర్యాదుల సంఖ్య కూడా ఉండాలని బోర్డు పట్టుబట్టాలి.

తరువాత, ఆ ప్రాధాన్యం ఎంత దూరం నడిచిందో చూడండి. ప్రణాళికలోని వాక్యం బడ్జెట్‌లో పద్దు కావాలి, చీఫ్ పాటించవలసిన విధానంలో నియమం కావాలి, చీఫ్ వార్షిక పనితీరు సమీక్షలో ఒక అంశం కావాలి, చివరికి బోర్డు ప్రతి ఏడాది జూన్ 30 లోపల మునిసిపాలిటీకి సమర్పించే వార్షిక నివేదికలో ఫలితంగా కనబడాలి. చాలా మంచి ఆలోచనలు మొదటి మెట్టు మీదే కూర్చుండిపోతాయి. అన్నిటికంటే ఎక్కువగా నేను చూసుకునేది చీఫ్ పనితీరు సమీక్ష. కొత్త చీఫ్‌ను ఎంపిక చేసే సమయంలోనూ, ఏటా సమీక్షించే సమయంలోనూ ప్రణాళికను ముందు పెట్టుకోని బోర్డు, ప్రాధాన్యాలు నిర్ణయించింది అనుకోవడం భ్రమ. సమీక్ష వివరాలు సిబ్బంది విషయం కనుక బయటపెట్టరు. అయినా ఏ ప్రమాణాలతో సమీక్షిస్తున్నారని అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: బోర్డులో ఎవరెవరు ఉంటారు? మనవాళ్ళు చేరడానికి అవకాశం ఉందా? – ఆటవా పరిసరాల నుంచి ఇద్దరు పాఠకులు

జవాబు: బోర్డు పరిమాణాన్ని బట్టి సంఖ్య మారుతుంది. అయిదుగురు సభ్యుల బోర్డులో మేయరు లేదా ఆయన వద్దనుకుంటే మరో కౌన్సిల్ సభ్యుడు, కౌన్సిల్ తీర్మానంతో వచ్చే ఇంకొక కౌన్సిల్ సభ్యుడు, కౌన్సిల్ సభ్యుడూ మునిసిపల్ ఉద్యోగీ కాని ఒక పౌరుడు, ప్రావిన్సు మంత్రి అయిన సొలిసిటర్ జనరల్ నియమించే ఇద్దరు ఉంటారు. ఏడుగురి బోర్డులో కౌన్సిల్ నుంచి ముగ్గురు, కౌన్సిల్ నియమించే పౌరుడు ఒకరు, ప్రావిన్సు నియమించేవారు ముగ్గురు. అంటే ఎన్నికైనవారికీ, ప్రావిన్సు ప్రతినిధులకూ మధ్య తూకం మార్చగలిగిన స్థానం తరచుగా ఆ ఒక్క పౌరుడిదే. దరఖాస్తు చేయదలచుకున్నవారు ఆ స్థానం బరువు తెలుసుకుని చేయాలి.

న్యాయమూర్తులు, పోలీసు ఉద్యోగులు, క్రిమినల్ కేసులు వాదించే న్యాయవాదులు సభ్యులు కాలేరు. నేర చరిత్ర పరిశీలన ఉంటుంది. నియమితులైన తరువాత బోర్డు విధుల మీద, మానవ హక్కులూ వ్యవస్థాగత జాతివివక్షల మీద, స్థానిక ఆదివాసీ జనుల హక్కులూ సంస్కృతుల మీద శిక్షణ పూర్తి చేయాలి. ఈ నిబంధనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. మనలో చాలామందికి ఈ దేశపు మూలవాసుల గురించి వచ్చిన పదేళ్ళకు కూడా ఏమీ తెలియదు. ఆ నేలమీద పోలీసు వ్యవస్థ వారి పట్ల ఎలా ప్రవర్తించిందో తెలియకుండా దాన్ని పర్యవేక్షించడం సాధ్యం కాదు.

ఒక మాట చెప్పి తీరాలి. "మనవాడు ఉంటే మన పని అవుతుంది" అన్న ఆశతో ఎవరినీ ముందుకు తోయకండి. సభ్యుడికి ప్రవర్తన నియమావళి ఉంది. తన సంఘం కోసం చీఫ్ చెవిలో మాట వేసేవాడు దాన్ని ఉల్లంఘించినవాడవుతాడు. ఏ సంఘంలోనూ పదవి లేకపోయినా, బడ్జెట్ పట్టికను ఓపికగా చదవగలిగినవారు, పెద్దవారి ముందు ప్రశ్న అడగడానికి జంకనివారు మనలో ఉన్నారు. ముఖ్యంగా ఆసుపత్రులలో, బడులలో, ఆడిట్ ఉద్యోగాలలో పనిచేస్తున్న మన ఆడవాళ్ళు చాలామంది ఈ పనికి సరిగ్గా సరిపోతారు. వారిని ఎవరూ అడగరు, అంతే.

ప్రశ్న: పోలీసు బడ్జెట్‌ను పెంచేదీ తగ్గించేదీ బోర్డా, సిటీ కౌన్సిలా? ఇద్దరూ ఒకరినొకరు చూపిస్తారు. – టొరంటో నుంచి

జవాబు: అంచనాలు తయారు చేసి కౌన్సిల్ ముందు పెట్టేది బోర్డు. మొత్తం ఎంత అన్నది నిర్ణయించేది కౌన్సిల్. ఆ మొత్తంలో ఫలానా పద్దును ఒప్పుకుంటాము, ఫలానాదాన్ని కొట్టేస్తాము అనే అధికారం కౌన్సిల్‌కు లేదు. ఇచ్చిన మొత్తం చాలదని బోర్డు భావిస్తే, ఇద్దరూ కలిసి రాజీ ప్రయత్నానికి వెళ్ళవచ్చు, లేదా బోర్డు విషయాన్ని మధ్యవర్తి తీర్పుకు పంపవచ్చు.

2024 ఆరంభంలో మీ నగరంలో జరిగింది గుర్తుండే ఉంటుంది. బోర్డు కోరిన పెంపుదలలో 1 కోటి 26 లక్షల డాలర్లు తగ్గించి సిటీ సిబ్బంది ప్రతిపాదన చేశారు. చీఫ్ దాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. ఫిబ్రవరిలో మేయర్ ఒలీవియా చౌ ఆ సొమ్మును తిరిగి చేర్చారు. ఆ కొన్ని వారాల వాదన అంతా అంకె చుట్టూనే తిరిగింది. ఆ డబ్బుతో ఏ ప్రాధాన్యం ఎంత ముందుకు వెళుతుందన్న చర్చ నడవవలసింది బోర్డులో, అంతకు ముందే, అంచనాలు బోర్డు ముందుకు వచ్చినప్పుడు. కౌన్సిల్ దశకు వచ్చాక పద్దులను మార్చలేరు కనుక, మీ మాట ఏదైనా ఉంటే బోర్డు దశలోనే చెప్పండి.

ప్రశ్న: కాలేజీ నుంచి వస్తుంటే నన్ను ఆపిన పోలీసు అధికారి అవమానకరంగా మాట్లాడాడు. బోర్డుకు ఫిర్యాదు చేయాలా? – ఒక విద్యార్థి

జవాబు: బోర్డుకు కాదు. అధికారి ప్రవర్తన మీద ఫిర్యాదులు స్వీకరించేది లా ఎన్‌ఫోర్స్‌మెంట్ కంప్లయింట్స్ ఏజెన్సీ. ఆలస్యం చేయకుండా, తేదీ, సమయం, స్థలం, కారు లేదా బ్యాడ్జి నంబరు గుర్తుంటే అవి కూడా వేసి రాయండి. పోలీసు చర్యలో మరణం, తీవ్రమైన గాయం, మనిషి మీద కాల్పులు, లైంగిక దాడి ఆరోపణ ఉన్న సందర్భాలను 1990 నుంచి ఉన్న స్పెషల్ ఇన్వెస్టిగేషన్స్ యూనిట్ దర్యాప్తు చేస్తుంది. బోర్డు సభ్యుడి ప్రవర్తన మీద గానీ, శాఖ విధానాల మీద గానీ ఫిర్యాదు ఉంటే అది ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ పోలీసింగ్ దగ్గరికి వెళుతుంది.

అయితే మీకు ఎదురైనటువంటి అనుభవాలు ఒకే చోట పదేపదే జరుగుతుంటే అది ఒక అధికారి సంగతిగా మిగలదు, మనుషులను ఆపే విధానం సంగతి అవుతుంది. అప్పుడు బోర్డు సమావేశంలో మాట్లాడాలి. బోర్డు ఏడాదికి కనీసం నాలుగుసార్లు సమావేశం కావాలి, ఆ సమావేశాలు ప్రజలు చూసేటట్లు జరగాలి. ముందుగా పేరు ఇచ్చుకుని బోర్డు ఎదుట మాట్లాడటాన్ని అక్కడ డెప్యుటేషన్ అంటారు. దొరికే సమయం కొద్ది నిమిషాలే కనుక రాసుకుని వెళ్ళడం మంచిది. నేను చూసిన ఒక సమావేశంలో పందొమ్మిదేళ్ళ అమ్మాయి రెండు నిమిషాలలో తన మాట ముగించి, "నన్ను ఆపినప్పుడు కారణం చెప్పాలన్న నియమం మీ విధానంలో ఉందా, లేదా?" అని ఆగింది. అధ్యక్షుడు చీఫ్ వైపు చూశాడు. చీఫ్ పక్కనున్న సహాయకుడి వైపు చూశాడు. తరువాతి సమావేశానికి లిఖితపూర్వక జవాబు ఇవ్వాలని అక్కడికక్కడే తీర్మానం అయింది. ఆమె కంటే ముందు పావుగంట ఆవేశంగా మాట్లాడిన పెద్దమనిషికి ధన్యవాదాలు తప్ప మరేమీ దక్కలేదు.

ప్రశ్న: ఇవన్నీ చదువుతుంటే అసూయగా ఉంది. మన తెలుగు రాష్ట్రాలలో నగరానికో, జిల్లాకో ఇలాంటి బోర్డు ఉందా? లేకపోతే పౌరుడికి ఉన్న దారి ఏమిటి? – వరంగల్ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, ఊరి స్థాయిలో పోలీసు ప్రాధాన్యాలు నిర్ణయించే పౌర బోర్డు మన చట్టాలలో లేదు. పోలీసు శాఖ రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోని విషయం. జిల్లా ఎస్పీ గానీ, నగర కమిషనర్ గానీ జవాబు చెప్పుకునేది డీజీపీకీ, రాష్ట్ర ప్రభుత్వానికీ. మునిసిపల్ కార్పొరేషన్‌కు కాదు. ఒంటారియోలో చీఫ్‌కూ, ఎన్నికైన నాయకుడికీ మధ్య బోర్డు అనే మెత్త ఉంది. మన దగ్గర ఆ మధ్యనున్న చోటు ఖాళీ.

ఆ ఖాళీని పూరించడానికి జరిగిన పెద్ద ప్రయత్నం ప్రకాశ్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్, అస్సాం పోలీసులకూ, సరిహద్దు భద్రతా దళానికీ అధిపతిగా పనిచేసిన ప్రకాశ్ సింగ్ మరికొందరితో కలిసి 1996లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2006 సెప్టెంబరు 22న తీర్పు వచ్చింది. ఏడు ఆదేశాలలో మొదటిది మీ ప్రశ్నకు దగ్గరైనది. ప్రతి రాష్ట్రంలోనూ రాష్ట్ర భద్రతా కమిషన్ ఏర్పాటు చేయాలి. ముఖ్యమంత్రి లేదా హోం మంత్రి దానికి అధ్యక్షుడు, డీజీపీ కార్యదర్శి. మిగతా సభ్యులను ప్రభుత్వ ప్రభావం లేకుండా పనిచేయగలిగే విధంగా ఎంచుకోవాలి. విధాన మార్గదర్శకాలు ఇవ్వడం, పోలీసుల పనితీరును మదింపు చేయడం, ఆ నివేదికను శాసనసభ ముందు ఉంచేటట్లు చేయడం దాని పని. దాని సిఫారసులు ప్రభుత్వాన్ని బంధిస్తాయని కూడా కోర్టు చెప్పింది. అదే తీర్పు పోలీసుల మీద ఫిర్యాదులకు రాష్ట్ర స్థాయిలోనూ, జిల్లా స్థాయిలోనూ విశ్రాంత న్యాయమూర్తుల అధ్యక్షతన ప్రాధికార సంస్థలు ఉండాలన్నది. డీఎస్పీ హోదా వరకు ఉన్నవారి మీద ఫిర్యాదులు జిల్లా సంస్థకు, ఎస్పీ, ఆ పై హోదాల వారి మీద ఫిర్యాదులు రాష్ట్ర సంస్థకు వెళ్ళాలి.

ఈ రెండు పనులనూ అక్కడ వేరు చేసినట్లే ఇక్కడా వేరు చేశారన్నది గమనించండి: ప్రాధాన్యాలు ఒక చోట, వ్యక్తుల మీద ఫిర్యాదులు మరో చోట. కానీ ముఖ్యమంత్రే అధ్యక్షుడిగా ఉండి, ఒక్క రాష్ట్ర స్థాయిలో మాత్రమే కూర్చునే కమిషన్‌కు మీ వీధి దీపాల సంగతి, మీ కూడలిలో జరిగే ప్రమాదాల సంగతి చేరడం కష్టం. జిల్లా స్థాయిలో ప్రాధాన్యాలు నిర్ణయించే వేదిక ఒకటి ఉండాలని తీర్పు అడగలేదు. నా దృష్టిలో అది ఆ తీర్పులో మిగిలిపోయిన వెలితి.

మీకున్న దారి సమాచార హక్కు చట్టం, 2005. రాష్ట్ర హోం శాఖ పౌర సమాచార అధికారి పేర ఒక దరఖాస్తు, 10 రూపాయల రుసుముతో రాయండి. రాష్ట్ర భద్రతా కమిషన్ ఏర్పాటు ఉత్తర్వు ప్రతి. ప్రస్తుత సభ్యుల జాబితా. గత అయిదేళ్ళలో అది సమావేశమైన తేదీలు, ఒక్కొక్క సమావేశపు నిర్ణయాల ప్రతులు. శాసనసభ ముందు ఉంచిన మదింపు నివేదికల ప్రతులు. ఈ నాలుగే అడగండి. ఎందుకు, ఏమిటి అని వ్యాఖ్యానాలు కలపకండి, కలిపితే వాటిని పట్టుకుని తిరస్కరిస్తారు. జవాబుకు గడువు 30 రోజులు. గడువులో రాకపోయినా, వచ్చిన జవాబు అరకొరగా ఉన్నా, అదే శాఖలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు. మీకు వచ్చిన జవాబు ప్రతిని మాకు కూడా పంపితే ఈ శీర్షికలోనే ప్రచురిస్తాము.